పసుపు కొమ్ముల డబ్బ

జర ఇటు దగ్గరికి జరిగి కూసోండ్రి. నాకు గొంతు పెద్దగ లేస్తలేదు. కాళ్ళు చాపుకుంట, ఏమనుకోవద్దు. ముప్పై ఏండ్లు దవాఖాన బండల మీద నిలబడ్డ కాళ్ళు ఇవి, మడిస్తె మల్ల లేవనంటయి. దవాఖానల కొత్తగ పనికెక్కిన పిల్లలు ఎవలన్న ఉంటె ముందలికి రాండ్రి. ఈ ముచ్చట మీ కోసమే. మిగిలినోళ్ళు కూరగాయలు కోసుకుంట విన్నా పర్వలేదు.

నేను వరంగల్ల ఒక పెద్ద దవాఖానల ఆపరేషన్ థియేటర్ ఆయాగ చేసిన. ఐదో తరగతి దాక సదువు. డెబ్బైలల్ల, మొగడు పోయిన రెండో ఏడు ఆ కొలువు దొరికింది. కత్తులు, కత్తెరలు ఉడకబెట్టుడు, నెత్తురు బట్టలు నానబెట్టుడు, లైటు అటు ఇటు తిప్పుడు. ఇంకొక పని ఉండేది. లోపలికి పోయే పేషంటును తలుపు కాడ ఆపి ఒంటి మీది సొమ్ములు తీసి, మూటగట్టి, ఇంటోళ్ళ చేతికిచ్చుడు. అన్నిట్లకెల్ల అదే పెద్ద పని.

ఆడోళ్ళను గాజులు తియ్యుమంటె తీస్తరు. కమ్మలు తీస్తరు. మట్టెలు కూడ అటు ఇటు జూసి తీస్తరు. పుస్తెలతాడు కాడికొచ్చేసరికి రెండు చేతులు గుండె మీద పెట్టుకొని గట్టిగ పట్టుకుంటరు. "పానం పోయినా తియ్య" అంటరు. "పానం పోకుండనే గదనే నిన్ను లోపల పండబెట్టేది" అంటె ఇనరు. ఏడుస్తరు. లోపల డాక్టర్లు అరుస్తరు. నడుమల నేను.

నాకొక ఉపాయం తట్టింది. మన ఇండ్లల్ల పుస్తెల తాడు తెగినా, పుస్తెలు అరిగి బంగారం పనిచేసే అవుసులాయన దగ్గరికి పోయినా మెడ ఖాళీగ ఉంచరు గద, పసుపు దారానికి పసుపు కొమ్ము కట్టి ఏసుకుంటరు. ఒక పాత పౌడరు డబ్బల కొన్ని కొమ్ములు, పసుపు రాసిన దారపుండ ఏసి థియేటర్ తలుపు పక్క గూట్ల పెట్టిన. ముందు కొమ్ము కట్టిచ్చుడు, ఆ తర్వాత బంగారం తీసుడు. ఏడుపులు సగం బందైనయి. మా థియేటర్ సిస్టరమ్మ డబ్బ జూసి, "ఏందే, ఇది దవాఖాననా, లగ్గం పందిరా?" అని ఎక్కిరిచ్చేది. అయితె మాత్రం, నేను సెలవు పెట్టిన దినం డబ్బ ఏడున్నదని ఎతికేది కూడ ఆమెనే.

ఒక్క కట్టుబాటు ఉండె. డబ్బ నాది, దారం నాది, కొమ్ము నాది. కట్టే చెయ్యి మాత్రం నాది కాదు. మొగడు లేనిదాన్ని గద. అత్తనో వదినెనో, లేకుంటె పక్క మంచం ముత్తైదువనో పిలిచి కట్టిచ్చేదాన్ని. ఎవలన్న నన్ను పక్కకు జరుగుమనకముందే నేనే జరిగేదాన్ని. అలవాటైతె నొప్పి తెల్వదంటరు. ఉత్త మాట. నొప్పి తెలుస్తది, చెప్పుకునుడే బందైతది.

ఎనభైల నడుమ ఒక ఏడు, కేసముద్రం నుంచి ఒక హమాలి పెండ్లాన్ని తీసుకొచ్చిండు. మార్కెట్ యార్డుల బస్తాలు మోసే భుజం మీదనే ఆమెను మోసుకొచ్చి ఓపీ ముందట బల్ల మీద దించిండు. ముప్పై ఐదేండ్ల మనిషట, చూస్తె యాభై అనిపించేది. నీళ్ళ బిందె ఎత్తుకుంటాంటె ముంజేయి ఇరిగిందట. అది అతుకుతాంటె తుంటిల నొప్పి మొదలైంది. మూత్రంల రాళ్ళు రెండుసార్లు పడ్డయి. అన్నం పోదు, ఎప్పుడు చూసినా దూపే, నీళ్ళు నీళ్ళు అంటది. వెంట అత్త ఉన్నది. గాలి పట్టిందని కోడలి నడుముకు తాయత్తులు కట్టిచ్చి తీసుకొచ్చింది.

మా పెద్ద సార్, అంటె ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు, కోస్తా దిక్కు మనిషి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆమె నెత్తురు పరీక్షలు చేపిచ్చి కాగితం దిక్కు చాన సేపు చూసిండు. మెడ కింద థైరాయిడ్ గ్రంథి ఉంటది గద, దాని ఎనక పప్పుగింజలంత చిన్న గ్రంథులు నాలుగుంటయట. పారాథైరాయిడ్ అంటరు. ఒంట్ల సున్నం, అదే కాల్షియం, లెక్క తప్పకుండ చూసేటియి అవే. వాటిల ఒకటి గడ్డగట్టి పెరిగితె ఎముకల సున్నమంత గుంజి నెత్తుట్ల పోస్తది.

"ఇంటి గోడలు గీకి ఆ సున్నం నీళ్ళ తొట్టిలో కలుపుతున్నట్టు" అని హమాలికి సమజయ్యేటట్టు చెప్పిండు పెద్ద సార్. "ఆ గడ్డ తీసేస్తే గోడలు నిలుస్తాయి."

"తీసెయ్యుండ్రి సారూ" అన్నడు హమాలి. బస్తా దించుమన్నంత తేలికగ అన్నడు.

తీసుడు కష్టం కాదు. ఎతుకుడే కష్టం. నాలుగిట్ల ఏదో తెల్వదు. అప్పట్ల పద్ధతేందంటె, మెడను ఈ కొస నుంచి ఆ కొస దాక తెరిచి, రెండు పక్కల నాలుగింటిని ఎతికి చూసుడే. మూడు నాలుగు గంటలు పట్టేది. మా మత్తు డాక్టరమ్మ ఆమెను పరీక్ష చేసి తల అడ్డం తిప్పింది.

"సార్, కిడ్నీలు సగం పోయినయి. గుండె కొట్టుకునుడు తప్పుతాంది. నాలుగు గంటలు మత్తుల ఉంచితె టేబుల్ మీదనే పోతది. నేను ఒక్క గంట ఇస్త. కుట్లతో సహా ఒక్కటే గంట."

ఒక్క గంట అంటె ఒక పక్కకే సరిపోతది, చిన్న కోతకే సరిపోతది. ఏ పక్కనో ముందే తెల్వాలె. హైదరాబాద్ల ఒక దవాఖానల దానికి కొత్త మిషన్ వచ్చిందని పెద్ద సార్ ఉత్తరం రాసిండు. నన్ను పిలిచి అన్నడు:

"నువ్వు తోడు వెళ్ళు. థియేటర్ మనిషివి. కదలకుండా పడుకోబెట్టడం నీకు తెలుసు."

కాజీపేటల రైలెక్కినం. హమాలి, ఆమె, నేను. అత్త ఇంటికాడ పశువులను చూసుకుంటనని ఆగింది. రైల్ల ఆమె తల నా ఒళ్ళె పెట్టుకొని పండుకున్నది. "అక్కా, నా ఎముకలు నీకు గుచ్చుకుంటాన్నయా?" అని అడిగింది. "నా ఎముకలే నాకు గుచ్చుకుంటాన్నయి, నువ్వు పండు" అన్న. నవ్వింది. మేం మంచిగనే కలిసినం. అది కూడ చెప్పాలె మీకు.

ఆ మిషన్ గది కింది అంతస్తుల, సల్లగ గడ్డకట్టేటట్టు ఉండె. మిషన్ నడిపే ఆయన మంచోడు, నిదానంగ చెప్పిండు. రెండు సూది మందులు. మొదటిది థాలియం, అది థైరాయిడుకూ ఎక్కుతది, ఈ గడ్డకూ ఎక్కుతది. రెండోది థైరాయిడుకు ఒక్కదానికే ఎక్కుతది. రెండు మందులకు రెండు బొమ్మలు తీసి, మొదటి బొమ్మల నుంచి రెండో బొమ్మ తీసేస్తె మిగిలిందే గడ్డ. నాకు సమజైంది. జల్లెడ పడితె పిండి కిందికి పోయి పొట్టు మీద మిగిలినట్టు.

"మధ్యల మెడ కదలొద్దు. మెడల ఏమున్నా తియ్యుండ్రి. బంగారమైతె అసలే ఉండొద్దు, లోపలి నుంచి వచ్చే కిరణాలకు అడ్డం పడ్తది" అన్నడు. "జల్ది చేయుండ్రి. ఈ మందు దాచిపెట్టుకునేది కాదు, గంట గంటకు బలం పోతది. బొంబాయి మీదుగ విమానంల వస్తది. ఇయ్యాల తప్పితె మల్ల ఎప్పుడొస్తదో నాకే తెల్వదు." ఆ మాట అని సూది నింపనీకి పక్క గదిలకు పోయిండు.

హమాలిని అప్పుడే ఏదో కాగితం మీద ముద్ర ఏపిచ్చుకురమ్మని ఇంకో బిల్డింగుకు పంపిండ్రు. గదిల మేమిద్దరమే. నేను సంచిలకెల్లి డబ్బ తీసిన.

"చెల్లె, పుస్తెలు తియ్యాలె. ఇగో, కొమ్ము తెచ్చిన."

"ఎవలు కడ్తరక్కా?"

చుట్టు చూసిన. వరండాల ఇద్దరు మొగోళ్ళు బెంచీ మీద కూసొని ఉన్నరు. మనకు తెలిసిన ఆడమనిషి ఒక్కతి లేదు.

"నువ్వే కట్టుకో."

చెయ్యి లేపబోయింది. భుజం దాక వచ్చి ఆగిపోయింది. ఇరిగిన ముంజేయి కట్టు ఇప్పి నెల కూడ కాలే, మెడ ఎనక్కు పోలేదు.

"నేను కట్టన్నా?" అన్న. ఎందుకు నోరుజారిననో. పొద్దటి నుంచి నిలబడి నిలబడి ఉన్న, ఆ అలసటల అన్న.

ఆమె నా కండ్లల్లకు చూడలే. బొట్టు లేని నా నుదురు దిక్కు చూసింది. "కోపం చేయకక్కా. ఆయన వచ్చినంక కట్టిచ్చుకుంట. నీ చేతుల మీదుగ వద్దక్కా." మెల్లగ అన్నది. మర్యాదగ అన్నది. అందుకే ఎక్కువ తగిలింది.

పక్క గదిల నుంచి ఆయన అడుగుతాండు, "అయ్యిందా?"

నేను డబ్బ మూత పెట్టిన. "ఉంచుకో తియ్యి" అన్న. తాడును మెడ సుట్టు తిప్పి, పుస్తెలు ఎనక్కు, మెడ కిందికి వచ్చేటట్టు జరిపిన. ఆమెను పండబెట్టి, మెడ కనపడకుండ దుప్పటి గదుమ దాక గుంజిన.

"అన్ని తీసినవా?" అన్నడు ఆయన సూది పట్టుకొని వచ్చి.

"తీసిన సార్."

"థియేటర్ ఆయావు గద, నీకు నేను చెప్పేదేమున్నది" అని దుప్పటి ఎత్తి కూడ చూడలే.

చాన ఏండ్లు నేను నాకు చెప్పుకున్నదేందంటె, పాపం ఆమె మీద దయతోని అబద్ధమాడిన అని. అది సగం నిజం. మిగిలిన సగం ఇప్పుడు చెప్తాన. నన్ను వద్దన్నదాన్ని నేనెందుకు ఇంకోసారి బతిమిలాడాలె అన్న కోపం. అలిసిపోయిన మనిషి కోపం అరువదు, కొట్టది. చెయ్యాల్సిన పని ఒకటి చెయ్యకుండ ఇడిచిపెడ్తది, అంతే.

నన్ను బయట కూసోబెట్టిండ్రు. మొదటి బొమ్మ అయ్యింది, రెండో సూది ఇచ్చిండ్రు, రెండో బొమ్మ కూడ అయ్యింది. లోపలికి పిలిస్తె పోయి దుప్పటి తీసిన. పుస్తెలు గొంతుకు కుడి పక్క పడి ఉన్నయి. ఎనక పెట్టినయి ఇటెట్ల వచ్చినయి అనుకున్న. సర్ది, కొంగు కప్పిన. అడగలే. హమాలి ముద్ర ఏపిచ్చుకొని అప్పుడే వస్తాండు. "అయిపోయిందా అక్కా?" అంటె "అయిపోయింది" అన్న.

నాలుగైదు దినాలకు పోస్టుల ఫిల్ములు వచ్చినయి, కాగితంతోని. కుడి పక్క, కింది గ్రంథి అని రాసిండ్రట. పెద్ద సార్ ముఖం ఇంత ఇప్పారింది. "కుడి వైపు రెండు అంగుళాల కోత చాలు. నలభై నిమిషాలు" అన్నడు. మత్తు డాక్టరమ్మ కూడ నవ్వింది. హమాలి దవాఖాన మెట్లకే దండం పెట్టిండు. నేను ఆ ఫిల్ములు చూడలే. చూసే పని నాది కాదు.

ఆపరేషన్ పొద్దుగాల అత్త వచ్చింది. కోత మెడ మీద గనుక కొమ్ము మెడకు కట్టొద్దని, మణికట్టుకు కట్టిచ్చిన. అత్త మూడు ముడులేసింది. నేను ఓ అడుగు పక్కకు జరిగే నిలబడ్డ. కొమ్ము కట్టినంక అత్తనే పుస్తెలతాడు తీసి నా చేతిల పెట్టింది. తాడు ముడి ఇప్పి మూట గట్టేదాక పుస్తెలు పిడికిట్ల పట్టుకున్న. అరిగిన పుస్తెలు రెండు, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కి పడ్డయి. మూట అత్తకిచ్చిన.

ఆమెను లోపల టేబుల్ మీద పండబెట్టినం. పెద్ద సార్ వచ్చి మెడ కుడి పక్క సిరాతోని కోత గీత గీసి, చేతులు కడుక్కోనీకి నల్ల కాడికి పోయిండు. సిస్టరమ్మ నాకు ఫిల్ములిచ్చి, "ఇవి లైటు పెట్టె మీద తగిలియ్యి" అన్నది. తగిలిచ్చి లైటు ఏసిన.

మూడు బొమ్మలు, మూడోది ఒకదాంట్ల నుంచి ఒకటి తీసేసినంక మిగిలింది. మూడో దాంట్ల కుడి పక్క నల్లగ ఒక మచ్చ. దాన్నే గడ్డ అంటాన్నరు. దగ్గరికి పోయి చూసిన. గడ్డ ఎట్లుంటదో నాకు తెలుసు, పదేండ్లు బేసిన్లల్ల పట్టినదాన్ని. అది గడ్డ తీరు లేదు. రెండు గుండ్రాలు, ఒకదాని అంచు మీదికి ఒకటి ఎక్కినట్టు. అంచులు గీసినట్టు ఉన్నయి.

నా అరచెయ్యి చూసుకున్న. పిడికిలి గట్టిగ పట్టుకున్న కాడ పుస్తెల గుర్తు ఇంకా పోలే. రెండు గుండ్రాలు.

గోడకు ఆనుకున్న. చెప్తె నా కొలువు పోతది. చెప్పకపోతె ఆమె గంట పోతది. ఆ గంట కుడి పక్క ఎతుకుట్లనే అయిపోతె, ఆమెకు ఇంకో గంట లేదు.

నిజం చెప్తాన, జర సేపు నిలబడ్డ. ఎంత సేపో నాకు తెల్వదు. ఆ సేపట్ల నాకొచ్చిన ఆలోచనలు మంచియి కావు. డాక్టర్లు ఇంత సదువుకున్నోళ్ళు, వాళ్ళకు తెల్వదా అనుకున్న. నాదే భ్రమ కావచ్చు అనుకున్న. ఆ ఆలోచనలు ఎంత మెత్తగ ఉంటయో! పరుపు లెక్క ఉంటయి.

నల్ల కాడికి పోయిన.

"సార్, ఒక మాట."

సిస్టరమ్మ మధ్యల అడ్డం వచ్చింది. "ఏందే, ఇప్పుడా నీ పురాణం? పక్కకు జరుగు."

ఆ మాటకు ఎన్నో ఏండ్లు జరిగిన. ఆ దినం జరగలే.

"సార్, హైదరాబాద్ల ఆమె పుస్తెలు నేను తీయలే. తీసిన అని అబద్ధం చెప్పిన. ఆ మచ్చ గడ్డ కాదు సార్, పుస్తెలు."

పెద్ద సార్ చేతులు మీదికి పట్టుకొని నిలబడ్డడు. మోచేతుల నుంచి సబ్బు నీళ్ళు కారుతాన్నయి. "మళ్ళీ చెప్పు" అన్నడు. మల్ల చెప్పిన. కోప్పడలే. కోప్పడితె బాగుండు అనిపించింది. సక్కగ టేబుల్ కాడికి పోయిండు. ఆమె ఇంకా మత్తుల లేదు, బెదురు కండ్లతోని లైటు దిక్కు చూస్తాంది.

"అమ్మా, హైదరాబాదులో ఫోటోలు తీసేటప్పుడు నీ పుస్తెలు ఎక్కడున్నాయి?"

ఆమె నా దిక్కు చూసింది. "చెప్పు చెల్లె. నేను చెప్పేసిన" అన్న.

"అక్క ఎనక పెట్టింది సారూ. మెడ ఎముకకు ఒత్తుకొని పానం పోయినట్టయింది. రెండో సూది ఇచ్చేముందల ఇటు గుంజుకున్న."

"ఎటు?"

చెయ్యి లేపింది. మణికట్టుకు పసుపు కొమ్ము ఏలాడుతాంది. వేలు మెల్లగ వచ్చి మెడ కుడి పక్క ఆగింది. పెద్ద సార్ గీసిన సిరా గీత మీద ఆగింది.

నల్ల కట్టెయ్యనే లేదు, నీళ్ళు పోతనే ఉన్నయి.

పెద్ద సార్ ఫిల్ముల కాడికి పోయి నిలబడ్డడు. మత్తు డాక్టరమ్మకు చెప్తాండు, నాకు ఇనపడుతాంది. మొదటి బొమ్మప్పుడు బంగారం ఎనక ఉన్నది, అడ్డం పడలే. రెండో బొమ్మప్పుడు ముందటికొచ్చి థైరాయిడుల ఓ ముక్కను కప్పేసింది. ఒకదాంట్ల ఉండి, ఇంకోదాంట్ల లేనిది గడ్డ అని మిషన్ లెక్కగట్టింది. జల్లెడకు ఎవలో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు. ఆ చెయ్యి నాది.

"మరి అసలుది ఎక్కడున్నది సార్?" అన్నది డాక్టరమ్మ.

ఎడమ పక్క, కింద, ఉండీ లేనట్టు బూడిద రంగు మరకొకటి ఉన్నది. పెద్ద సార్ దాని మీద వేలు పెట్టిండు. "దీన్ని నేను ఫిల్ము మీద మురికి అనుకున్నాను" అన్నడు. అయినంక, "నేనూ సరిగ్గా చూడలేదు" అన్నడు. అంత పెద్ద మనిషి అట్లా అనుడు నేను అదే మొదలు వినుడు.

"వాయిదా వేద్దామా?" అన్నడు డాక్టరమ్మతోని.

"నిన్నటికంటె ఇయ్యాల గుండె ఇంకా తప్పుతాంది సార్. ఇయ్యాల ఇచ్చిన గంట వచ్చేవారం ఇస్తనో లేదో."

పెద్ద సార్ తనే దూది తీసుకొని, స్పిరిటుతోని కుడి పక్క గీత తుడిచేసిండు. ఎడమ పక్క గీసిండు.

"అక్కడ లేకపోతే సార్?" అన్నది సిస్టరమ్మ.

"లేకపోతే కుట్టేసి బయటికి పంపాలి. రెండో పక్కకు సమయం లేదు."

ఆమెకు మత్తెక్కే ముందట నేను దగ్గర నిలబడి ఉన్న. చెయ్యి చాపింది. పట్టుకున్న. వద్దనలే. చేతుల పట్టు సడలేదాక పట్టుకొని, ఆనక నా జాగల నేను నిలబడ్డ, లైటు కాడ.

డాక్టరమ్మ గడియారం చూసి చెప్తాంది. "ఇరవై." ఏం దొరకలే. "ముప్పై." థైరాయిడు పక్కకు జరిపి చూస్తాన్నరు. అన్నీ మంచి కండలే. "నలభై సార్." సార్ నుదురు తుడిచిన, చెమట పట్టింది. నాకు దేవుడికి మొక్కాలన్నా తోచలే. "లైటు ఇంకొంచెం కిందికి" అన్నడు. దించిన. వేలు లోపలికి, అన్నం నాళం పక్కకు పోనిచ్చిండు. ఆగిండు.

"ఇదిగో" అన్నడు.

రేగుపండంత ఉన్నది. కాలిన ఇటుక రంగు. నేను పట్టిన బేసిన్ల ఏసిండు. అంత చిన్నది, చప్పుడు కూడ కాలే. దానికోసం ఒక మనిషి ఎముకలన్ని పెళుసైనయి.

గంట లోపలే కుట్లయినయి. డాక్టరమ్మ స్టూలు మీద కూలబడ్డది. నేను నెత్తురు బట్టలు నానబెట్టనీకి పోయిన. నా పని నాకుండె.

తెల్లారి ఆమె ఏడుస్తాంది. మూతి సుట్టు, వేళ్ళ కొసలకు చీమలు పాకినట్టు తిమ్మిర్లట. మేం పరేషాన్ అయినం. పెద్ద సార్ వచ్చి నవ్విండు. "మంచిదే. ఆకలితో ఉన్న ఎముకలు సున్నమంతా వెనక్కి లాక్కుంటున్నాయి" అని సున్నం సూది రాసిచ్చిండు.

ఆ సాయంత్రం నన్ను పిలిపిచ్చిండు.

"నువ్వు చెప్పబట్టి బతికింది. నువ్వు అబద్ధం చెప్పబట్టి చావబోయింది. రెండూ నీవే. కాగితం మీద ఏది రాయమంటావు?"

"రెండు రాయుండ్రి సార్."

రెండు రాసిండు. నన్ను థియేటర్ల నుంచి తీసి బట్టల గదికి ఏసిండ్రు. సంతకం పెట్టింది ఆయనే. నాకు కోపం రాలే. సచ్చేంత అలసట వచ్చింది. డబ్బను సిస్టరమ్మకు అప్పజెప్పిన. తీసుకొని, "కొమ్ములు ఎవల దుకాణంల తెస్తవే?" అని మాత్రం అడిగింది. అప్పటి నుంచి పెద్ద సార్ ఆ మిషనుకు ఎవలను పంపినా ఉత్తరం కింద తన చేతిరాతతోని ఒక మాట రాసేటోడట: మెడలో బంగారం తీయించి పంపవలెను, పసుపు కొమ్ము కట్టుటకు ఒక మనిషిని తోడు పంపవలెను.

కుట్లు ఇప్పిన దినం నేను బట్టల గదిల దుప్పట్లు మడత పెడ్తాన. హమాలి వచ్చి తలుపుకాడ నిలబడ్డడు. "అక్కా, రావే. నీ చెల్లె పిలుస్తాంది."

పోయిన. మంచం మీద నిటారుగ కూసున్నది. మెడకు ఎడమ పక్క చిన్న గీత, అంతే. అత్త చేతిల కొత్త పసుపు తాడు, దానికి అరిగిన పుస్తెలు. నన్ను చూసి అలవాటు ప్రకారం అత్త అటు తిరిగింది, నేను ఇటు జరిగిన.

"అత్తమ్మా, తాడు అక్కకియ్యి" అన్నది ఆమె.

"ఏం మాట్లాడ్తానవే? తిక్క లేసిందా? నీ మొగడు లేడా కట్టనీకి?"

"ఆ దినం అక్కను వద్దన్న. దాంతోనే ఇంత దాక వచ్చింది. ఇయ్యాల అక్కనే కట్టాలె."

"వద్దు చెల్లె" అన్న నేను. నిజంగనే వద్దనిపించింది. నాకు ఇంకో పంచాయితి మోసే ఓపిక లేదు.

హమాలి అన్నడు, "కట్టనీయే అమ్మా. బస్తాలు మోసేటోన్ని చెప్తాన, ఎవల చేతుల బరువు లేస్తె వాళ్ళతోనే లేపియ్యాలె."

అత్త నా దిక్కు చూడలే. తాడు మంచం మీద పెట్టింది. ఆనక మెల్లగ కోడలి జడ పక్కకు జరిపి పట్టుకున్నది, నాకు ముడి ఏసే జాగ ఇచ్చుకుంట.

మూటలు గట్టి ముడులేసుడు నా పనే గద. మూడు ముడులేసిన. వచ్చి దుప్పట్లు మడత పెట్టుకున్న.

ముచ్చట ఈడ ఆపితె మంచిగ ఉంటది. కాని దాని తర్వాత దినం కూడ ఉంటది. కొన్ని నెలలకు నన్ను మల్ల థియేటర్లకు ఏసిండ్రు. మొదటి దినమే ఇంకో అత్త, ఇంకో కోడలు. "ఓ ఆయమ్మా, జర పక్కకు జరుగు" అన్నది. జరిగిన. లోకం ఒక్క దినంల మారితె నా కాళ్ళు ఇంత నొయ్యకపొయ్యేటియి. అయితె ఎవల మెడల ఏమున్నదో, ఏం తీసిననో, ఏం తియ్యలేదో, అలసిపోయినా, కోపమొచ్చినా, ఉన్నది ఉన్నట్టు చెప్పిన. నేను మారింది అంతే. పిల్లలారా, దవాఖానల "తీసిన" అన్న మాటను నమ్మి కత్తి పడ్తరు. అది మరువకుండ్రి.

చాన సేపు కూసున్నరు. ఇగ లేవుండ్రి, పొయ్యి మీద ఏం పెట్టి వచ్చిన్రో. మొగడు లేనిదాని దీవెన ఇంటికి మంచిది కాదని అనేటోళ్ళు ఉన్నరు, ఆళ్ళు ఇడిచిపెట్టి పోండ్రి. తీసుకునేటోళ్ళు తీసుకపోండ్రి. మీ ఇండ్లల్ల ఎముకలు గట్టిగుండాలె. నొప్పైతె నొప్పి అని చెప్పే నోరు ఆడపిల్లకు ఉండాలె, ఇనే చెవి ఇంటోళ్ళకు ఉండాలె. మీ గడప కాడ ఎవలూ తమంత తాము పక్కకు జరిగి నిలబడే అవసరం రావొద్దు.